కావలమ్మ ఎక్కిన తాళ్ళ కుర్చీ

ఆ మనిషికి తల్లి పెట్టిన పేరు వేరే ఉంది. అదేమిటని పేటలో ఎవరినడిగినా తల గోక్కుంటారు. అందరికీ తెలిసిన పేరు చిక్కుముడి. ఆ పేరు పెట్టింది ఏ శత్రువో కాదు, సాక్షాత్తూ సొంత వదిన.

ఆవిడ పెద్దకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు లేరు. పొయ్యి పక్కన మాత్రం ఒక మరిది నిలబడి ఉన్నాడు. ఒక చేత్తో జారిపోతున్న లాగు పట్టుకున్నాడు, రెండో చేతిలో దారపుండ. ఆ ఉండలో దారంతో పాటు వాడి వేళ్ళు కూడా చుట్టుకుపోయి ఉన్నాయి. లాగు బొందు కట్టుకోవడం రాదు. పొరపాటున కట్టుకున్నాడా, విప్పుకోవడం రాదు.

"ఒరే చిక్కుముడీ, ఇలా రారా" అని ఆవిడ పిలిచిన పిలుపే పేరై కూర్చుంది. ఆనాటినుంచి బడికి వెళ్ళేముందు ఆ బొందు ఆవిడే కట్టేది. చూడటానికి మోటుగా ఉండి, సాయంత్రం దాకా ఊడని ముడి. ఆవిడకి వచ్చిందల్లా ఆ ఒక్క ముడే.

అలాంటివాడి చేతుల్లోంచి ఈనాడు వచ్చే పని చూస్తే తాడుకి ప్రాణముందేమోనని అనుమానం వస్తుంది. చూసినవాళ్ళు ముక్కున వేలేసుకుంటారు. అందరికంటే ఎక్కువ వేలేసుకున్నది వదినే. అయితే ఆ సంగతి ఆవిడ నోట వినాలంటే మాత్రం కొండెక్కాల్సి వచ్చింది.

ఆవిడా తక్కువ మనిషి కాదు. ఊరి వెనకాల కొండ, కొండ నిండా అడవి. శిఖరం మీద నాలుగు కొయ్యకాళ్ళ మీద నిలబెట్టిన చిన్న గది ఒకటుంది. ఎండలు ముదిరినప్పటినుంచి వానలు నిలకడగా పడేదాకా ఆ గదిలో ఒక మనిషి దుర్భిణి పట్టుకుని పొగకోసం కాపు కాయాలి. నూలుపోగంత పొగ లేచినా కింద అగ్నిదళానికి కబురందించాలి. ఆ కొలువు ఆవిడ తల నెరిసేదాకా చేసింది. భర్తకి రొట్టెల బట్టీ. "ఆయన నిప్పు ఆరకుండా చూస్తాడు, నేను నిప్పు అంటుకోకుండా చూస్తాను. మా కాపురం చల్లగా ఉండమంటే ఎలా ఉంటుంది?" అనేది. ఊరు ఆవిడకి కావలమ్మ అని పేరు పెట్టుకుంది.

చిక్కుముడి పెరిగి, ఊరిచివర విమానాల మైదానంలో పారాచూట్లు మడతపెట్టే షెడ్డులో పనికి కుదిరాడు. ఆ కబురు వినగానే కావలమ్మ చేతిలో గిన్నె జారిపోయింది.

"అయ్యో! ఇక పైనుంచి దూకేవాళ్ళకి దేవుడే దిక్కు" అంది.

తీరా చూస్తే ఆ షెడ్డులో అతన్ని మించినవాడు లేకపోయాడు. అక్కడ పొడవాటి బల్లల మీద గుడ్డ పరిచి, తాళ్ళని ఒక్కొక్కటిగా వేళ్ళమధ్య నడిపించి చూడాలి. ఒక్క తాడు మెలిపడితే ఒక నిండు ప్రాణం. పుట్టినప్పటినుంచీ చిక్కులు వేసినవాడు కనుక, చిక్కు ఎక్కడ పుట్టబోతోందో అతనికి అందరికంటే ముందు తెలిసిపోయేది. దొంగకే తెలుస్తుంది మరి తాళం ఎక్కడ బలహీనమో.

ఒకసారి కొండమీద కావలమ్మ దుర్భిణికున్న తోలుపట్టా పుటుక్కున తెగింది. దుర్భిణి మెట్లమీద దొర్లి ఎలాగో బతికింది. చిక్కుముడి షెడ్డు పెద్దనడిగి, పారాచూట్ తాడు కండె చివర మిగిలిన కొత్త ముక్క తెచ్చి, వదినకి పట్టా అల్లాడు. అది అతని జీవితంలో మొట్టమొదటి అల్లిక. నడిమధ్యలో ఒక ముడి పక్కకి తిరిగి, వంకర పన్నులా పైకి లేచింది. మెళ్ళో వేసుకుంటే దుర్భిణి బొడ్డు దగ్గర వేలాడింది. తొలివాన పడి తడిసి ఆరాక చూస్తే గుండెలమీదికి వచ్చింది.

"ఏవండీ, ఈ వయసులో నేను పొడుగవుతున్నానా?" అని భర్తనడిగింది కావలమ్మ.

"అడ్డంగా అయితే అవుతున్నావు" అన్నాడు రొట్టెలాయన.

చిక్కుముడి వచ్చి పట్టా పట్టి చూసి నుదురు కొట్టుకున్నాడు. కొత్త పారాచూట్ తాడు మొదటిసారి తడిస్తే కుంచించుకుపోతుంది. ముందే వేణ్ణీళ్ళలో నానబెట్టి ఆరబెట్టాకే అల్లాలి. షెడ్డులో తాళ్ళని చూడటమే నేర్చుకున్నాడు కానీ తడిపి ఎరగడు. "ఇలా ఇయ్యి వదినా, విప్పి మళ్ళీ అల్లి ఇస్తాను" అంటే, ఆవిడ పట్టాని గుప్పిట బిగించి ఇవ్వనంది. "నీ మొదటి ముడిరా. వంకరైనా ఉండనీ" అంది. కొలువు చేసినన్నాళ్ళూ అది ఆవిడ మెడలోనే ఉంది. ఆ వంకరముడి మెడవెనక ఒరుసుకుని అక్కడ చిన్న కాయ కూడా కాసింది.

ఆనాటినుంచి అతనికి తాడే లోకమైంది. షెడ్డు పని మానేశాక రొట్టెల బట్టీ వెనక గదిలో దుకాణం పెట్టాడు. ఆ గదికీ బట్టీకీ మధ్య ఒకటే గోడ, ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. నానబెట్టిన తాళ్ళన్నీ ఆ గోడకే ఆరేవి. అందుకే అతను చేసిన పట్టీలన్నీ కొత్తలో రొట్టె వాసన వేసేవి. కొండలెక్కేవాళ్ళు దారిలో ఆకలేసి వాటిని వాసన చూసుకునేవారని ఒక హాస్యం.

అతను చేసినవన్నీ చెప్పాలంటే పొద్దు చాలదు, అయినా కొన్ని చెప్పకపోతే అన్యాయం. ఇనుపగొలుసు తెంచుకున్న కసాయివాడి కుక్కకి మెడపట్టీ, పగ్గం అల్లాడు. ఆ కుక్క ముసలిదై పోయింది గానీ పగ్గం పోలేదు. పడవ నడిపేవాడి కళ్ళజోడు ఏటిపాలు కాకుండా తలవెనక పట్టీ కట్టాడు. కట్టెలు కొట్టేవాళ్ళ గొడ్డళ్ళ పిడులకి చేయి జారని చుట్టు చుట్టాడు. విప్పితే మనిషి పడుకునే ఉయ్యాల, మడిస్తే గుప్పిట్లో పట్టే ఉండ — అలాంటివి ఎన్ని అల్లాడో అతనికే లెక్క లేదు. నీళ్ళసీసాలకి జోలెలు, బూట్లకి లేసులు, నడుముకి బెల్టులు, అగ్నిదళం ఈలలకి మెడతాళ్ళు. గుడారం చిరిగితే ఆ తాడు పైతొడుగు జరిపి, లోపలున్న ఏడు పోగుల్లోంచి ఒకటి లాగి, దాంతోనే కుట్టి చూపించాడు. ఇంకో పోగు లాగి గాలం కట్టి చేప పట్టాడు. "అన్నం ఒక్కటే వండదు గానీ, మిగతా సంసారమంతా ఈ తాట్లో ఉంది" అనేవాడు రొట్టెలాయన, తమ్ముణ్ణి చూసి మురిసిపోతూ.

ఇంత పనివాడికి ఒక మొండిపట్టు ఉంది. తను అల్లిన వస్తువేదైనా, చివర ఒక్క కొస లాగితే మొత్తం విడిపోవాలి. ఆ కొసని లైటరుతో కాల్చి కరిగించి, వేలికి దొరికేటట్టు మిరియపుగింజంత బొట్టు చేసి, అల్లిక కింద దాచేవాడు. కొనుక్కోవడానికి వచ్చినవాడు తన కళ్ళముందే ఆ కొస వెతికి లాగి చూపించాలి. అంతా ఊడిపోయాక మళ్ళీ అల్లి ఇచ్చేవాడు.

"కష్టపడి అల్లినదాన్ని ఊడగొట్టమంటావేంటయ్యా, పిచ్చా?" అనేవారు జనం.

"అడవిలో మీకు కావలసింది పట్టీ కాదండీ, తాడు. విప్పే దారి తెలియని ముడి ముడి కాదు, ఉరి" అనేవాడు.

ఇంకొకటి. మనిషి బరువు మోసే వస్తువేదైనా ముందు తనే ఎక్కాలి. "ముందు నేను, తర్వాత మీరు" అనేవాడు. ఉయ్యాల కొన్న ప్రతివాడూ ముందు చిక్కుముడిని ఊపిగానీ ఇంటికి తీసుకెళ్ళలేదు.

సరే, కాలం ఒకలాగే ఉండదు కదా. ఒక ఏడు కావలమ్మ కొండమీద గది నిచ్చెన దిగుతూ జారి పడింది. తుంటి విరిగింది. నాలుగు గోడల మధ్య కర్ర పట్టుకుని తిరగగలదు గానీ, రాళ్ళదారిలో అడుగు వేయలేదు. ఆవిడ స్థానంలోకి పై ఊరినుంచి వచ్చిన ఒక కావలివాడు తాత్కాలికంగా కూర్చున్నాడు. కొన్నాళ్ళకి ఆ కొలువు కావలమ్మ కూతురికే వచ్చింది.

ఆ శిఖరం మీద ఒక పద్ధతుంది. దిగిపోయే కావలి, ఎక్కే కావలి మెడలో దుర్భిణి వేసి కుర్చీ అప్పగించాలి. ఆ పైఊరాయన మంచివాడు. "ఆ దుర్భిణి మీ అమ్మది. పట్టా కూడా ఆవిడదే. ఆవిడే వచ్చి వేస్తే నేను తప్పుకుంటాను. అయితే మిట్టమధ్యాహ్నం దాటి దిగితే కింద ఊళ్ళో నాకు చివరి బండి దొరకదు, అంతవరకే ఆగగలను" అని కూతురికి కబురు పంపాడు.

వంటింట్లో కూర్చుని అందరూ ఆలోచించారు. కొండదారి సన్నం, బండి పోదు. అగ్నిదళం వాళ్ళు మోతమంచం తెస్తామన్నారు. కావలమ్మ చేతిలో కర్ర నేలకేసి కొట్టింది.

"నా కాళ్ళతో ఎక్కిన కొండ. ఆవేళ దాని మీంచి నన్ను పడుకోబెట్టి దించారు. చూద్దామంటే ఆకాశం తప్ప ఏమీ కనబడలా. దారిలో ఎదురైనవాళ్ళు టోపీలు తీశారు, పోయాననుకుని! మళ్ళీ ఆ మంచమెక్కి నా కూతురి ముందుకి పోనా? వెళ్తే కూర్చుని వెళ్తాను, దారి చూసుకుంటూ వెళ్తాను. లేదంటే మానేస్తాను."

చిక్కుముడి గుమ్మానికి ఆనుకుని ఆవిడ భుజాలవంక, నడుంవంక, పాదాలవంక ఎగాదిగా చూస్తున్నాడు.

"ఏంట్రా ఆ చూపు? శవపెట్టె కొట్టే వడ్రంగిలాగా!"

"పెట్టెకి కాదు వదినా. కుర్చీకి."

మొదలుపెట్టాడు. రెండు పొడవాటి కర్రలు, వాటి నడుమ తాళ్ళతో వేలాడే కుర్చీ. కూర్చునేచోట వల అల్లిక, వీపుకి జడ అల్లిక, పాదాలకి ఆనిక, నడుముకి పట్టీ. ముందు రెండు, వెనక రెండు వేలాడే తాళ్ళు. మోసే నలుగురికీ భుజాలు కోసుకుపోకుండా మెత్తటి పట్టీలు. అంతా బూడిదరంగు తాడే. అంతా వేణ్ణీళ్ళలో నానింది, బట్టీ గోడకి ఆరింది, రొట్టె వాసన పట్టింది. అల్లడం అయ్యాక కావలమ్మ వెనకగదికి కర్ర పొడుచుకుంటూ వచ్చి చుట్టూ తిరిగి చూసింది. నోట మాట రావలసిందే. ఏం మాట వచ్చిందంటే:

"బూడిదరంగేంట్రా? పైనుంచి అమ్మడు దుర్భిణిలో చూస్తుంటుంది. ఈ రంగు రాళ్ళల్లో కలిసిపోతుంది. ఎరుపైతే ఊళ్ళోంచి బయల్దేరినప్పటినుంచీ కనబడతాను."

"ఎర్రతాడు కొత్తది వదినా. నానబెట్టలేదు. రేపే ప్రయాణం. అన్నయ్య రేపటికోసం బట్టీ ఆర్పేశాడు, గోడ చల్లబడిపోయింది. నానబెడితే ఆరదు."

"నానబెట్టకుండానే కట్టు. తడిస్తే కదా గొడవ? వాన రాదు."

"వదినా..."

"ఒరే, ఆకాశం చూసి జీతం తీసుకున్నదాన్ని. వాన రాదంటే రాదు."

చిక్కుముడి జన్మలో తన పద్ధతి తప్పినవాడు కాదు. ఇంకెవరడిగినా దుకాణం తలుపు వేసేసేవాడే. కానీ లాగు బొందు కట్టిన చెయ్యి అది, ఏమంటాడు? ముందువైపు వేలాడే తాళ్ళు రెండూ, వీపు పైఅంచూ విప్పి ఎరుపుతో అల్లాడు. అల్లి, "ముందు నేను" అంటూ ఎక్కి కూర్చుంటే, అగ్నిదళం కుర్రాళ్ళు గదంతా ఊరేగించారు.

మర్నాడు ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. కావలమ్మ గర్వంగా పైకి చూసి, తర్వాత మరిదివంక చూసింది. దళపెద్ద, అతని మనుషులు ముగ్గురూ కర్రలు భుజానికెత్తుకున్నారు. వెనకాల రొట్టెలాయన రొట్టెల సంచీతో, చిక్కుముడి తాడు దూర్చి అల్లే తన బోలుసూదీ, లైటరుతో. కూతురు ముందురోజే పైకి వెళ్ళింది.

కుర్చీ ఊగింది కానీ జారలేదు. కావలమ్మ వీపు నిలువుగా పెట్టుకుని కూర్చుంది. పాత స్నేహితులందరూ దారిలో ఎదురొచ్చినట్టుంది ఆవిడకి. ఇదిగో పొగలాంటి మంచు నిలిచే లోయ, ఇదిగో కొత్తలో తనని మోసం చేసిన తెల్లబండ, దూరంనుంచి నిప్పులా కనిపించే ఎర్రాకుల చెట్టు. దళపెద్ద నడుముకున్న వాకీటాకీ గరగరమంది.

"అమ్మా, కనిపిస్తున్నావ్! ఎర్రచుక్కలా ఉన్నావ్!"

"చెప్పానా?" అంది కావలమ్మ వెనక్కి తిరిగి. చిక్కుముడి తల వంచుకుని నడిచాడు.

సగం దారి దాటారో లేదో, కొండ అవతలనుంచి ఒక మబ్బు దొంగలా తల బయటపెట్టింది. ఆ వైపు మబ్బు కిందినుంచి కనబడదు, శిఖరం మీదినుంచే కనబడుతుంది. కావలమ్మ ఆకాశం చూసింది ఎప్పుడూ పైనుంచే. కిందినుంచి చూడటం ఆవిడకి అదే మొదలు.

వాన దబదబా పడింది. ఆవిణ్ణి ఎత్తుకుని ఒక బండచూరు కిందికి చేర్చారు. కుర్చీని మాత్రం అక్కడే దారిలో వదిలేశారు. అది తడుస్తుంటే చిక్కుముడి కళ్ళార్పకుండా చూశాడు. ఆవిడ ఆకాశాన్ని తిట్టింది. రొట్టెలాయన రొట్టె తుంచి అందరికీ పెట్టాడు. వాన వచ్చినంత తొందరగానే వెలిసింది.

మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి పైకెత్తారు. కావలమ్మ వీపు వెనక్కి వాలింది. పాదాలు లేచాయి. ఎర్రతాళ్ళు కుంచించుకుపోయి కుర్చీ ముందుభాగాన్ని పైకి గుంజేశాయి. బూడిదరంగువి కదలలేదు. నాలుగడుగులు వేసేసరికి ఆవిడ తల వెనక్కి వేలాడి, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ లేకుండా పోయింది.

"దించండి" అంది.

"పెద్దమ్మా, ఇంకెంతో లేదండీ. కాస్త ఓర్చుకుని ఇలాగే వచ్చేయండి" అన్నాడు దళపెద్ద.

"దించమన్నానా!"

దించారు. ఆవిడ రాతిమీద కూర్చుంది. పొద్దు నడినెత్తికి జరుగుతోంది. వాకీటాకీ గరగరమంది. "అమ్మా, ఎర్రచుక్క ఆగిపోయిందేం? ఈయన బట్టలు సర్దుకుంటున్నారు." తన తలమీద తనే పోసుకున్న నీళ్ళు. ఎవర్ని అంటుంది? మరిది ఏమంటాడోనని ఎదురుచూసింది. "చెప్పానా?" అనడానికి ఇంతకంటే మంచి సమయం అతనికి దొరకదు.

చిక్కుముడి ఆ మాట అనలేదు. కుర్చీముందు గొంతుక్కూర్చుని, ఎర్ర అల్లిక కింద బొటనవేలు పోనిచ్చి, మిరియపుగింజని పట్టుకుని లాగాడు.

అంతే. గట్టిగా ఇనుపకమ్మీలా ఉన్న అల్లిక జలజలా విడిపోయింది. మెలికలన్నీ ఒకదాన్నొకటి తరుముకుంటూ పరిగెత్తాయి. రెండో తాడూ అంతే. వీపు అంచూ అంతే. కళ్ళు మూసి తెరిచేలోపు అతని కాళ్ళదగ్గర తడిసిన ఎర్రతాడు రాశిగా పడి ఉంది. ఇన్నేళ్ళూ మరిది దుకాణంలో ఎవరెవరో కొస లాగుతుంటే వదిన నవ్వుకునేది. అదెందుకో ఇప్పుడు కళ్ళతో చూసింది.

"ఇది మళ్ళీ అల్లితే ఇంక కుంచించుకోదు. కుంచించుకోవాల్సింది అయిపోయింది" అన్నాడతను బారలతో కొలుస్తూ. కొలిచి ఆగిపోయాడు. "కానీ చాలదు."

అతను వంగి తన బూట్ల లేసులు లాగాడు. అవీ తను అల్లినవే, అల్లిక ఊడితే ఒక్కోటి రెండింతలు పొడవైంది. మణికట్టు పట్టీ లాగాడు. అదీ తాడైంది. రొట్టెలాయన ఒక్కక్షణం తమ్ముడి చేతులవంక చూసి, నడుముకున్న బెల్టు కొస వెతుక్కుని లాగేశాడు.

"ఏవండీ! లాగు!" అంది కావలమ్మ.

"పట్టుకుంటాలే. ఈ ఇంట్లో ఎవరో ఒకళ్ళు లాగు పట్టుకు తిరగడం మామూలేగా" అన్నాడాయన.

దళపెద్ద ఈల మెడతాడు లాగాడు, ఈల జేబులో వేసుకున్నాడు. ఒకడు నీళ్ళసీసా జోలె లాగాడు. ఇంకొకడు కత్తిపిడి చుట్టు లాగాడు. ఇంకొకడు టోపీ పట్టీ. ఎవరికీ నేర్పనక్కరలేదు, కొన్ననాడే అందరిచేతా లాగించాడు కదా. నల్లది, నీలం, గోధుమరంగు, పసుపు. ఆ తడికొండమీద, ప్రతి మనిషి ఒంటిమీదినుంచీ చిక్కుముడి అల్లిక విడిపోయి, తాడై, అతని ఒడిలోకి వచ్చి పడింది. వీడు ఇన్నాళ్ళూ పట్టీలు అమ్మాడనుకుంది ఆవిడ. కాదు, ఊరంతటి ఒంటిమీదా తాడు దాచిపెట్టాడు.

అల్లడానికి బల్ల లేదు, మేకులు లేవు. నేలమీద కూర్చుని లేసుల్లేని బూట్లు విడిచి, రెండు కాళ్ళ బొటనవేళ్ళకీ తాడు తగిలించాడు. ఆ వేళ్ళే మేకులు. తర్వాత చేతులు కనబడలేదు. కనబడ్డాయి కానీ, ఏ వేలు ఎటు వెళ్ళిందో కంటికి అందలేదు. కుడికొస ఎడమ కిందికి, ఎడమకొస కుడి మీదికి, బిగింపు. పాము జడలాగ అల్లిక పెరుగుతోంది. ఒక రంగు అయిపోతే ఇంకో రంగు ముడిపడింది, ఆ ముడి అల్లికలో మాయమైంది. మోసేవాళ్ళు నలుగురూ ఊపిరి బిగబట్టి వంగి చూస్తున్నారు. నూలుపోగంత పొగని కొండకి అవతలనుంచి పట్టిన కళ్ళు కావలమ్మవి. ఆ కళ్ళకే ఆ వేళ్ళు దొరకలేదు.

"ఎక్కడ నేర్చావురా ఇది?" అంది. గొంతు ఆవిడకే కొత్తగా వినబడింది.

"నీ ముడి విప్పుకోలేక రోజూ చస్తుండేవాణ్ణి వదినా. బళ్ళో గంట కొట్టేదాకా దాంతోనే కుస్తీ. అక్కడ" అన్నాడు తలెత్తకుండా.

చివరి కొస కాల్చాడు, తడివేలితో ఒత్తి బొట్టు చేశాడు, దాచాడు. "ముందు నేను" అని ఎక్కి కూర్చున్నాడు. నలుగురూ ఎత్తారు, కుదిపారు, వంపుల్లో తిప్పినట్టు తిప్పారు. కుర్చీ నిటారుగా నిలిచింది. దిగి వదినవైపు చెయ్యి చాచాడు.

ఆవిడ కూర్చుంది. ఎదురుగా దారి కనిపించింది.

వాకీటాకీలో కూతురి గొంతు: "అమ్మా, ఎర్రచుక్క లేదేంటి? ఏదో రంగులరంగుల పిట్టలాంటిది వస్తోంది!"

"అది నేనే. ఆయన్ని బట్టలు సర్దుకోవడం ఆపమను" అంది కావలమ్మ.

శిఖరం చేరేసరికి పైఊరాయన సంచీ భుజాన వేసుకునే నిలబడి ఉన్నాడు. వచ్చేవాళ్ళని చూసి తెరిచిన నోరు మూయలేదు. కుర్చీలో నిటారుగా ఒక పెద్దావిడ, వెనకాల రెండుచేతులా లాగు పట్టుకున్న రొట్టెలాయన, టోపీ గాలికెగిరిపోతే పట్టుకోలేక ఒకడు, బూట్లు ఈడ్చుకుంటూ ఒకడు. ఆయన మెళ్ళోంచి దుర్భిణి తీసి కావలమ్మ చేతుల్లో పెట్టాడు. ఆవిడ పట్టా తడిమింది. వంకరముడి అక్కడే ఉంది. కూతురు ముందు వంగింది. మెళ్ళో వేస్తూ తల్లి ఆ ముడిని మెడవెనక సరిగ్గా కుదిర్చింది.

"అమ్మా, గుచ్చుకుంటోందే" అంది కూతురు.

"గుచ్చుకోనీ. కునుకు పట్టదు" అంది తల్లి.

పైఊరాయన ఆఖరి బండి అందుకోవడానికి దిగిపోయాడు. కూతురు నిచ్చెనెక్కి గదిలోకి వెళ్ళి తొలిసారి కావలిగా చుట్టూ చూడసాగింది. కింద, తాళ్ళ కుర్చీని గది కొయ్యకాళ్ళకి వేలాడదీశారు, కావలమ్మ అందులోనే కూర్చుని ఉంది. చిక్కుముడి కొస వెతుకుతున్నాడు. కొండ దిగగానే విప్పి ఎవరి తాడు వాళ్ళకిచ్చేద్దామని.

"దాని జోలికెళ్ళావో చూడు" అంది కావలమ్మ. దళపెద్ద కూడా, "మా తాళ్ళు అందులోనే ఉండనీ అన్నా, మళ్ళీ అల్లించుకుంటాం" అన్నాడు. రొట్టెలాయన మాత్రం లాగు పట్టుకుని ఆలోచనలో పడ్డాడు.

కావలమ్మ చూపు మరిది కాళ్ళమీద పడింది. బూట్లు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. అల్లికకి పొట్టివై మిగిలిన ఎర్రతాడు ముక్కలు రెండు అతని జేబులోంచి వేలాడుతున్నాయి.

"ఇలా రారా చిక్కుముడీ. కాలు ఇక్కడ పెట్టు" అంది తన మోకాలు చూపించి.

"నీ ఒళ్ళో బూటుకాలా? వద్దు వదినా."

"పెట్టమన్నానా!"

పెట్టాడు. ఆవిడ వంగి, కాసేపు రొప్పి, రెండు బూట్లకీ ఎర్రతాడు గుచ్చి, తనకొచ్చిన ఒక్క ముడీ వేసింది. అతను ఆ ముడిని నలుమూలలా వేలితో తడిమి చూశాడు.

"కొస ఏది వదినా? ఏది లాగితే ఊడుతుంది?"

"ఊడదు" అంది కావలమ్మ. "నాది నీ ముడి కాదు."